సమ్మె కట్టిన జట్టు

నేడు నేను ఒక ఆటను గూర్చియు ఒక సమ్మెను గూర్చియు ప్రసంగింప దలచితిని. ఆట అమెరికావారిది; మన పల్లెలలో దానిని ఆడువారు లేరు. సమ్మె యన్ననో మన మందఱము ఎఱిగినదే. పని చేయువాడు పని మానుట, చేయించువాడు వేఱొకని పిలిచి ఆ పని నడపుకొనుట, పిలువగా వచ్చినవానిని మొదటివాడు ద్రోహి యనుట, తుదకు తగవు పెద్దల కడకు వచ్చుట, ఇవి ఏ దేశమునకును క్రొత్తలు కావు. అట్టి తగవులను విని తీర్చిన పెద్దలు మీలో పలువురుందురు. కావున అమెరికాలో 1987వ సంవత్సరమున జరిగిన తగవు నొకదానిని మీ ముందు పెట్టి, నాకు తోచిన తీర్పును కడపట విన్నవించుకొందును.

ముందుగా ఆటను గూర్చి నాలుగు మాటలు. దానిని అమెరికావారు ఫుట్‌బాల్ అందురు గాని, బంతిని కాలితో తన్నుట అందులో అరుదు. బంతి గుండ్రముగా నుండదు. నడుమ లావై, రెండు కొనలును సన్నమై యుండును. మైదానము నిడివి 100 గజములు. ఒక్కొక్క జట్టునకు 11 మంది మైదానమున నిలుతురు. బంతి గల జట్టు దానిని చేతబట్టి పరుగిడియో, ఒకరు విసర నొకరు అందుకొనియో ఎదుటివారి గీత దాటింపవలెను. నాలుగు ప్రయత్నములలో 10 గజములైన ముందునకు పోజాలనిచో బంతి ఎదుటివారి పాలగును. బంతిని విసరి ఆట నడపువానిని క్వార్టర్‌బాక్ అందురు. సేనకు సేనాపతి యెట్లో జట్టునకు అతడట్లు. ఆడువారు తలకు శిరస్త్రాణములును, భుజములకు దట్టమైన మెత్తలును ధరించి ఒకరినొకరు ఢీకొందురు. మోకాళ్లు దెబ్బతినుట, భుజములు తొలగుట, తలకు గాయమగుట సామాన్యము. అందుచే ఒక మనుష్యుడు ఈ యాటపై జీవింపగల కాలము మిక్కిలి కొద్ది. పలువురు ముప్పది యేండ్లు నిండకమునుపే విరమింతురు. ఈ సంగతిని మీరు జ్ఞప్తియందుంచుకొనవలెను. తగవునకు మూలమున నున్నది ఇదియే.

ఈ యాట అచట గొప్ప వ్యాపారము. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అను కూటమిలో 1987 నాటికి 28 జట్లుండెను. ఆటలను చూపు హక్కు కొఱకు టెలివిజన్ సంస్థలు ఆ కూటమికి కోట్లాది డాలర్లు చెల్లించుచుండెను. ఆటగాండ్రకును మంచి జీతములే ముట్టుచుండెను. మఱి వారి కష్టమేమి? కళాశాలలో ఆడి వెలికి వచ్చిన యువకుని ఏ జట్టు ఎంపిక చేసికొనునో ఆ జట్టుననే అతడు ఆడవలెను. ఒప్పందపు గడువు తీరిన పిమ్మటనైనను అతడు తనకు నచ్చినచోటికి పోజాలడు. వేఱొక జట్టు అతనిని పిలిచినచో, ఆ జీతమే తా నిచ్చి అతనిని నిలుపుకొను హక్కు పాత జట్టునకు గలదు. నిలుపుకొనక విడిచినచో, క్రొత్త జట్టువారు మఱుసటి సంవత్సరములలో యువకులను ఎంచుకొను తమ హక్కులలో కొన్నిటిని పాత జట్టునకు పరిహారముగా ఈయవలెను. ఆ పరిహారము బరువైనది గనుక పిలుచువారే లేకపోయిరి. ఉగాదికి పాలేరు జీతపు గడువు తీరగా, "వీనిని పెట్టుకొనువాడు నాకు రెండెకరములు వ్రాసి యీయవలె"నని పాత కామందు పట్టుబట్టినచో ఏ రైతు వానిని పిలుచును? ఆటగాండ్ర స్థితియు అట్టిదే.

ఈ కట్టుబాటు ఒక మనుష్యుని ఎట్లు పట్టి యుంచునో చూపుటకు డగ్ విలియమ్స్ అను క్వార్టర్‌బాక్ కథ చాలును. అతడు నల్లజాతివాడు. ఆ స్థానమున నల్లవారిని నిలుపుటకు జట్లు వెనుదీయుచున్న కాలమది. అతడు 1978 మొదలు 1982 వఱకు టాంపా బే జట్టున ఆడి, అంతకుముందు గెలుపు మిక్కిలి అరుదైన ఆ జట్టును పైపోటీలకు చేర్చెను. జీతము కడ తగవు వచ్చి, ఆ జట్టును విడిచి, క్రొత్తగా పుట్టిన వేఱొక లీగునకు పోయెను. కొలది యేండ్లకే ఆ లీగు మూతపడెను. 1986లో అతడు మరల నేషనల్ లీగునకు రాదలచినపుడు, అతనిపై హక్కు ఇంకను టాంపా బే వారిదే యని తేలెను! వాషింగ్టన్ జట్టువారు ఒక ఎంపిక హక్కును వారికి ధారపోసి అతనిని తెచ్చుకొనిరి. కొన్ని యేండ్లు వేఱుచోట్ల నున్నవానిపై పాత జట్టునకు హక్కు! ఈ మనుష్యుని మనము మరల కలిసికొందుము.

నేను చెప్పబోవునది ఆ వాషింగ్టన్ జట్టు కథయే. ఆనాడు దానికి రెడ్‌స్కిన్స్ అను పేరుండెను. అది అమెరికాలోని ఆదివాసులను చర్మపు రంగునుబట్టి పిలుచు కించమాట యని ఆక్షేపణలు కలుగగా 2020లో ఆ పేరును మానుకొనిరి. 2022 నుండి కమాండర్స్ అని వ్యవహరించుచున్నారు. నేనిచట వాషింగ్టన్ జట్టు అనియే పిలిచెదను.

1987కు పూర్వము 1982లోనే ఆటగాండ్ర సంఘము ఒకసారి సమ్మె కట్టెను. మొత్తపు రాబడిలో నూటికి 55 పాళ్లు తమకు రావలెనని వారు కోరిరి. ఆ సమ్మె 57 దినములు నడిచెను. వారి స్థానమున ఎవ్వరును ఆడలేదు, మైదానములు పాడువడినట్లుండెను. జట్టునకు 16 ఆటలు జరుగవలసిన ఋతువున 9 మాత్రమే జరిగెను. ఆ కుఱుచ ఋతువున 9 ఆటలలో 8 గెలిచి, 1983 జనవరిలో జరిగిన తుది పోటీలో మయామీ జట్టును 27-17 లెక్కతో ఓడించినది వాషింగ్టన్ జట్టే. ఆటగాండ్రు కోరిన పాలు మాత్రము వారికి చిక్కలేదు.

ఆ సమ్మెనుండి యజమానులు ఒక పాఠము నేర్చిరి. ఆట ఆగినచో రాబడి ఆగును. కావున ఆట ఆగరాదు. 1987 సెప్టెంబరు 22వ తేదీన ఆటగాండ్రు రెండవసారి సమ్మెకు దిగిరి. ఈసారి వారు ముఖ్యముగా కోరినది గడువు తీరినవాడు నచ్చిన జట్టునకు పోగల స్వేచ్ఛ. వారి సంఘమునకు జీన్ అప్‌షా నాయకుడు. అతడును పూర్వము పేరెన్నిక గన్న ఆటగాడే. యజమానులు ఒక్క వారము ఆటలను మాత్రమే రద్దుచేసి, మఱుసటి వారమునుండి బదులు ఆటగాండ్రతో పోటీలు నడుపుదుమని ప్రకటించిరి.

ఈ బదులువారెవరు? ప్రతి వేసవిని జట్లు కావలసినదానికంటె ఎక్కువ మందిని పిలిచి పరీక్షించి, మిగిలినవారిని పంపివేయును. అట్లు పంపబడినవారు, కళాశాలలో మంచి పేరు తెచ్చుకొనియు పై మెట్టునకు చేరజాలనివారు, ఆట విడిచి వేఱు పనులలో కుదిరినవారు. ఒక్కసారి ఆ మైదానమున నిలువవలెనని చిన్ననాటినుండి కలలు గన్నవారు. పిలుపు రాగా వచ్చిరి. సమ్మెలో నున్నవారు మైదానముల ద్వారములకడ కాపు నిలిచి వారిని "స్కాబ్" అని నిందించిరి. ఆ మాటకు పుండుపై కట్టు పక్కు అని అర్థము. ఫిలడెల్ఫియా నగరమున కార్మిక సంఘములకు బలమెక్కువ. అక్టోబరు 4వ తేదీన అచట లారీలు నడపువారి సంఘము ఆటగాండ్రకు తోడు నిలిచి ద్వారములకు అడ్డుపడెను. అఱువది వేలకు మించి జనము పట్టు ఆ మైదానమున ఆనాడు ఆట చూచినవారు 4,074 మంది మాత్రమే.

దినములు గడచినకొలది సమ్మె సడలసాగెను. ఇంటి ఖర్చులకు ఓర్వలేక కొందఱు, ఒప్పందములు చెడునను భయమున కొందఱు, సమ్మెయే తగదని తలచి కొందఱు కాపుగీత దాటి లోనికి పోయిరి. డాలస్ జట్టున టోనీ డోర్సెట్, రాండీ వైట్, డానీ వైట్ వంటి ప్రసిద్ధులే తిరిగి చేరిరి. వాషింగ్టన్ జట్టున మాత్రము ఒక్కడైనను గీత దాటలేదు. ధనికుడు పేదవాడు అను భేదము లేక, పాతవాడు క్రొత్తవాడు అను భేదము లేక, అందఱును వెలుపలనే నిలిచిరి.

ఆ సమయమున జట్టు శిక్షకుడైన జో గిబ్స్ స్థితి కత్తిమీద సాము వంటిది. అతడు యజమాని కొలువులోనివాడు. బదులువారిని తీర్చిదిద్దుట అతని పని. వెలుపల నున్నవారో అతడు పెంచిన బిడ్డలవంటివారు. రేపు సమ్మె తీరిన పిమ్మట వారితోనే మరల పని చేయవలెను. అతడు లోపలివారికి శ్రద్ధతో ఆట నేర్పెను. బాబీ బెథర్డ్ అను ప్రధాన కార్యనిర్వాహకుడు ముందుచూపుతో దేశమంతట వెదకి మంచివారిని పోగుచేసియుండెను. అన్ని జట్లవారును అట్లు చేయలేదు. అంతకుముందు సంవత్సరపు విజేతలైన న్యూయార్క్ జెయింట్స్ వారి బదులు జట్టు ఆడిన మూడు ఆటలలోను ఓడిపోయెను.

వాషింగ్టన్ బదులు జట్టు మొదటి ఆటలో సెయింట్ లూయిస్ వారిని 28-21 లెక్కతో గెలిచెను. సొంత మైదానము ఆనాడు సుమారు సగమే నిండెను. రెండవ ఆటలో జెయింట్స్‌ను 38-12 లెక్కతో గెలిచెను. మూడవ ఆట అక్టోబరు 19వ తేదీ సోమవారము రాత్రి, డాలస్ వారితో, వారి మైదానముననే. ఎదుట నిలిచిన జట్టున సమ్మె విడిచి వచ్చిన ప్రసిద్ధులు. ఇటువైపున పేరు వినని యువకులు. వాషింగ్టన్ క్వార్టర్‌బాక్ ఆట మొదటనే గాయపడెను. అతని స్థానమున నిలిచినవాడు ఒక నేరమునకు శిక్ష ననుభవించుచు, అనుమతిపై వెలికి వచ్చి ఆడుచున్నవాడు. ఎవ్వరును వీరు గెలుతురని తలపలేదు. వారు 13-7 లెక్కతో గెలిచిరి. దేశమంతయు టెలివిజన్‌లో చూచెను. మఱునాటికి వారిలో కొలదిమంది తప్ప తక్కినవారు మూటలు కట్టుకొని ఇండ్లకు పోవలసినవారైరి.

ఏలయన సమ్మె అప్పటికే ముగిసెను. 24 దినముల పిమ్మట, అక్టోబరు 15వ తేదీ గురువారమున, ఏ ఒప్పందమును లేకయే సంఘము సమ్మె విరమించెను. ఆ వారాంతపు ఆటలలో పాల్గొనుటకు బుధవారముననే చేరియుండవలెనని యజమానులు గడువు పెట్టియుండిరి. ఒక్కదినము ఆలస్యమైనదని వచ్చినవారిని నిలిపివేసి, ఆ వారముకూడ బదులువారితోనే ఆడించిరి. లెక్క చూడుడు. రద్దయిన ఆట యొకటి, బదులువారు ఆడినవి మూడు. 16 ఆటల జీతములో 4 ఆటల జీతము, అనగా సంవత్సరపు జీతములో నాలుగవ వంతు, సమ్మె కట్టినవారికి పోయెను. కొద్ది యేండ్లు మాత్రమే సంపాదింపగల వానికి నాలుగవ వంతు చిన్నది కాదు. కోరిన స్వేచ్ఛ రాలేదు. ఎటు చూచినను వారు ఓడిరనియే చెప్పవలెను.

ఓడి తిరిగివచ్చిన తరువాత జట్ల పరిస్థితి ఒక్కతీరుగా లేదు. కొందఱు గీత దాటి, కొందఱు దాటని చోట్ల, ఒకే గదిలో కూర్చుండువారు ఒకరి మొగ మొకరు చూడలేని స్థితి కలిగెను. వాషింగ్టన్ జట్టున నిందింపవలసినవాడెవ్వడును లేడు. అందఱును ఒక్కటిగా పోయిరి, ఒక్కటిగా వచ్చిరి. సమ్మెకు ముందు ఆ జట్టు రెండు ఆటలలో ఒకటి గెలిచి ఒకటి ఓడెను. బదులువారు మూడింట మూడును గెలిచిరి. తిరిగివచ్చినవారు పది ఆటలలో ఏడు గెలిచిరి. మొత్తము 15 ఆటలలో 11 గెలుపులు. పైపోటీలలో షికాగో వారిని, పిమ్మట మినెసోటా వారిని జయించి తుది పోటీకి చేరిరి.

1988 జనవరి 31వ తేదీన సాన్ డియాగో నగరమున డెన్వర్ జట్టుతో ఆ పోటీ జరిగెను. మన డగ్ విలియమ్స్ ఆనాడు వాషింగ్టన్ క్వార్టర్‌బాక్. ఋతువులో చాలవఱకు వేఱొకనికి సహాయకుడుగా నుండి, చివర ఆ స్థానము దక్కించుకొనెను. మొదటి పాదమున డెన్వర్ 10 అంకెలు సాధించి ముందుండెను. రెండవ పాదమున వాషింగ్టన్ జట్టు 35 అంకెలు కూర్చెను. విలియమ్స్ విసరిన బంతులు ఆ యొక్క పాదముననే నాలుగుసార్లు గీత దాటెను. తుదకు 42-10 లెక్కతో వాషింగ్టన్ గెలిచెను. ఆ తుది పోటీలో జట్టును గెలిపించిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బాక్ విలియమ్స్. ఆనాటి ఉత్తమ ఆటగాడును అతడే.

ఇక స్వేచ్ఛ మాట. సమ్మె విరమించిననాడే సంఘము న్యాయస్థానమునకు పోయెను. సంఘము బేరమాడుచున్నంతకాలము యజమానుల కట్టుబాట్లపై గుత్తవ్యాపార నిషేధ చట్టము పనిచేయదని 1989లో పై న్యాయస్థానము చెప్పగా, ఆటగాండ్రు తమ తరఫున బేరమాడు అధికారమును సంఘమునుండి తామే తొలగించుకొనిరి. అప్పుడు వ్యాజ్యము వ్యక్తుల పేర నడిచెను. 1992 సెప్టెంబరులో మినియాపొలిస్ నగరమున జూరీ ఆ కట్టుబాట్లు అన్యాయమైనవని తీర్మానించెను. 1993లో ఇరుపక్షములకును రాజీ కుదిరెను. కొన్ని యేండ్లు ఆడి గడువు తీరినవాడు నచ్చిన జట్టునకు పోవచ్చును. అందుకు బదులుగా ఒక్కొక్క జట్టు చెల్లించు మొత్తపు జీతమునకు ఒక హద్దు ఏర్పడెను. 1987లో వీథిని నిలిచి పొందలేనిది ఆరేండ్లకు న్యాయసభలో దక్కెను. సమ్మెలో నాలుగవ వంతు జీతము పోగొట్టుకొన్నవారిలో పలువురు అప్పటికి ఆట విరమించియుండిరి. వారు నాటిన చెట్టు పండ్లు పిన్నవారు తినిరి.

బదులువారి మాట యేమైనది? ఈ ఋతువున గెలిచినవారికి జట్టు పేర బంగారు ఉంగరము లిచ్చుట అచటి ఆచారము. మూడు ఆటలు గెలిచిన ఆ యువకులకు ఉంగరములు ఈయలేదు. స్కాబ్ అను పేరు మాత్రము వారివెంట ఇండ్లకు పోయెను. ముప్పది యేండ్ల పిమ్మట, 2018లో, జట్టువారు వారిని పిలిపించి ఆ ఉంగరములను ఇచ్చిరి. అప్పటికి ఆ యువకులు ఏబదియేండ్లు దాటినవారు.

ఈ కథను మొదట తెలిసికొన్నపుడు నేను బదులువారిని ఒక్కమాటతో త్రోసివేసితిని. తోటివాని నోటికాడి కూటిని లాగికొన్నవాడు గౌరవమునకు తగడని తలచితిని. పిమ్మట ఆ ఋతువు లెక్కలను చేతబట్టి చూచితిని. ఆ మూడు ఆటలును ఓడియుండినచో వాషింగ్టన్ గెలుపులు 11 కాక 8 అగును. వారిచే ఓడిన డాలస్, సెయింట్ లూయిస్ జట్లకు 7కు బదులు 8 గెలుపు లుండును. మూడు జట్లును ఒక్క మెట్టుననే నిలుచును. పైపోటీకి వాషింగ్టన్ పోవునో పోదో ఎవరు చెప్పగలరు? సమ్మె కట్టినవారు వ్రేలికి తొడిగిన ఉంగరమున బదులువారి చెమటయు గలదు. ఈ సంగతి ఒప్పుకొనుటకు ఆ జట్టునకు ముప్పది యేండ్లు పట్టెను. లెక్క చూచినంతనే నేను ఒప్పుకొంటిని.

కావున నా తీర్పిది. సమ్మె కట్టినవారి కోరిక న్యాయమైనది; జూరీ మాటయే అందుకు సాక్షి. బదులువారి రాకవలన ఆ సమ్మె విఱిగిన మాటయు నిజమే. దానిని నేను మంచిపని యనజాలను. అయినను తగవు వారు పెట్టినది కాదు. యజమానికిని పనివారికిని నడుమ వచ్చిన తగవులో అవసరమునుబట్టి పిలువబడి, అవసరము తీరగానే పంపబడినవారు వారు. వారి పనివలన లాభము పొందిన జట్టు, లాభమును ఉంచుకొని వారిని మఱచుట తప్పు. సమ్మెలో ఎదుట నిలిచినవారిపై కోపముండుట సహజము. ఆ కోపము తగవుతో ముగియవలెను గాని ముప్పది యేండ్లు నిలువరాదు.

ఒక్కటిగా నిలిచినవారికి ఏమి మిగిలినదని మీరడుగవచ్చును. వారి డబ్బు పోయెను, కోరిక అప్పటికి తీరలేదు. తిరిగివచ్చిననాడు మాత్రము వారి నడుమ ఒకనిపై నొకనికి అనుమానము లేదు. ఓడిన తరువాత కలిసి పనిచేయగలుగుట ఎంత కష్టమో గ్రామపు తగవులు తీర్చిన మీకు నేను చెప్పనక్కఱలేదు. మీ యెదుటికి అట్టి తగవు వచ్చినపుడు, ఎవరు గెలిచిరను ప్రశ్నతోపాటు, రేపు ఉదయము వీరందఱు ఒకే చేనిలోనికి దిగగలరా యను ప్రశ్నను కూడ అడుగుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.